రిబ్బను సర్కారుది, రిపేరు సారుది

2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2.41 లక్షల కోట్ల రూపాయలు. సర్కారే డప్పు కొట్టి చెప్పిన లెక్క. అమెరికా బ్యాంకుకు కావాలన్నా, జర్మనీ కార్ల కంపెనీకి కావాలన్నా సాఫ్ట్‌వేర్ గచ్చిబౌలిలో మనోళ్లే రాసిస్తారు. అక్కడి నుంచి ఓ వంద కిలోమీటర్లు ఇటొస్తే నల్లగొండ, అటుపోతే మహబూబ్‌నగర్, అదే మన పాలమూరు. దారిలో ఏ ఉన్నత పాఠశాల దగ్గరైనా బండి ఆపండి. కంప్యూటర్ గది చూపించమని అడగండి. తాళంచెవి కోసం అటెండర్‌ను పిలుస్తారు. అటెండర్ పోస్టు ఖాళీ అని ఆ తర్వాత గుర్తొస్తుంది. లోకానికంతా సాఫ్ట్‌వేర్ అమ్మే రాష్ట్రానికి సొంత బడికి సాఫ్ట్‌వేర్ కొనడం రాదు. రాదా? రానట్టు నటిస్తున్నారా?

2008 సంగతి చాలామంది మరిచిపోయారు. మరిచిపోతే వాళ్లకూ మంచిదే. ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. పద్ధతి పేరు బూట్. సామాను కంపెనీ తెచ్చి పెడుతుంది. కంపెనీయే నడుపుతుంది. సర్కారు వాయిదాల్లో డబ్బు కడుతుంది. ఐదేళ్లయ్యాక అంతా బడికి అప్పజెప్పి కంపెనీ తన దారి తాను చూసుకుంటుంది. నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్లూ వచ్చారు. కూలికి పోయినా అంతకంటే మేలనిపించే జీతం. అదీ ధర్నా చేస్తే గానీ చేతికి రాదు. 2013లో గడువు తీరింది. కంపెనీ సెలవు తీసుకుంది. ఇన్‌స్ట్రక్టర్లు ఇళ్లకు పోయారు. ఐదేళ్ల పాత పెట్టెలు బడికి ‘ఆస్తి’గా మిగిలాయి.

మరి ఆరో ఏడాది? ఆరో ఏడాది ఎవరు నడపాలి? రిపేరు ఎవరు చేయించాలి? పాడైన పెట్టెకు బదులు ఎవరివ్వాలి? ఒప్పందంలో ఆరో ఏడాదే లేదు. పదిహేనేళ్లుగా ఈ రాష్ట్రంలో బడికి ఏ డిజిటల్ వస్తువు కొన్నా జాతకం ఇదే. ప్రారంభోత్సవానికి బడ్జెట్ ఉంటుంది, ఆరో ఏడాదికి ఉండదు.

పోనీ చచ్చిన పెట్టెను పారేద్దామా? అమ్మో! స్టాక్ రిజిస్టర్‌లో దానికి చావు లేదు. కండెమ్ చేయాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. ఆ ఉత్తర్వు కోసం హెడ్మాస్టర్ కాగితం రాస్తాడు. కాగితం మండలానికి పోతుంది. జిల్లాకు పోతుంది. అక్కడ హాయిగా నిద్రపోతుంది. హెడ్మాస్టర్ బదిలీ అవుతాడు. చార్జి లిస్టులో కొత్తాయనకు ‘మౌస్‌లు పది’ అని అప్పజెబుతాడు. వాటిలో కొన్నిటిని ఎలుకలే కొరికాయి. అయినా సంతకం పెట్టక తప్పదు. కోట్లు పెట్టి కొన్నవాడిని అడిగేవాడు లేడు. కీబోర్డు ఒకటి తక్కువైతే పంతులు మాత్రం జవాబు చెప్పాలి. ఇదీ మన జవాబుదారీతనం.

తెలంగాణ వచ్చింది. 2016లో డిజిటల్ తరగతులన్నారు. కే-యాన్ అనే పెట్టెలు దిగాయి. ప్రొజెక్టరూ కంప్యూటరూ ఒకే డబ్బాలో. మంచిదే. అమ్మింది ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు. 2018లో ఆ గ్రూపు అప్పుల్లో కూలింది. దేశం మొత్తం షేర్ల గురించి ఏడ్చింది. బడిలో డబ్బా బల్బు పోతే ఎవరికి ఫోన్ చేయాలని మాత్రం ఎవరూ ఏడవలేదు. 2022 మార్చి 8న పాలమూరు గడ్డ మీదే, వనపర్తిలో, ‘మన ఊరు - మన బడి’ మొదలైంది. 26,065 బడులు. 7,289 కోట్లు. పన్నెండు రకాల పనులు. అందులో డిజిటల్ విద్య ఒకటి. ఉన్నత పాఠశాలల్లో 8, 9, 10 తరగతుల గదులకు గోడంత తెరలు ఎక్కాయి. వేలితో తాకితే పాఠం కదులుతుంది. పిల్లలు నోరెళ్లబెట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి.

అసలు తిరకాసు ఆ ఫొటోలోనే ఉంది. తెర ఫొటోలో పడుతుంది. సాఫ్ట్‌వేర్ పడదు. లైసెన్సు పడదు. శిక్షణ పడదు. కాబట్టి వాటికి మంత్రి రాడు, రిబ్బను రాదు, పైసా రాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014లో మద్దతు ఆపేశారు. విండోస్ 7కు 2020లో. విండోస్ 10కు 2025 అక్టోబరులో. మైక్రోసాఫ్ట్ దొంగచాటుగా చేసిన పని కాదిది. ఏళ్ల ముందే తేదీలు ప్రకటించి మరీ ఆపింది. ఆ తేదీ ఏ డీఈఓ ఆఫీసు క్యాలెండర్‌లోనైనా ఉందా? వైరస్ నివారిణికి చందా కట్టరు. ‘మీ గడువు ముగిసింది’ అని తెర రోజూ పిల్లలకు చెబుతుంది. ఆ మాట వినాల్సిన వాళ్లు వేరే ఉన్నారు.

దేవరకద్ర సంతలో ఎద్దును కొనే రైతును చూడండి. పళ్లు పట్టి చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. తోక మెలేస్తాడు. ‘దుక్కి దున్నిందా, బండి లాగిందా’ అని పది మందిని అడుగుతాడు. వేల రూపాయల బేరానికి ఇన్ని పరీక్షలు. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ కొనే పెద్దసారు ఏం చూస్తాడు? పవర్‌పాయింట్ చూస్తాడు. టీ తాగుతాడు. ఎల్1 ఎవరని అడుగుతాడు.

ఎల్1. ఈ ఒక్క మాట మన ఆఫీసుల్లో వేదమంత్రం. అందరికంటే తక్కువ రేటు రాసినవాడికి పని. బాగుంది. తక్కువ రేటు ఎన్నేళ్లకు? మొదటి ఏడాదికా, ఐదేళ్లకా? వ్యాపారికి ఈ ఆట బాగా తెలుసు. మొదటి ఏడు అగ్గువకు అంటగడతాడు. రెండో ఏడు లైసెన్సు రుసుము అంటాడు. మూడో ఏడు నిర్వహణకు ఏఎంసీ అంటాడు. నాలుగో ఏడు ‘ఆ వెర్షన్‌కు సపోర్టు లేదు, కొత్తది తీసుకోండి’ అంటాడు. అప్పటికి పిల్లల మార్కులు, హాజరు, తల్లిదండ్రుల వివరాలు అన్నీ వాడి పెట్టెలో ఉంటాయి. ‘మా డేటా మాకియ్యి’ అంటే, ‘ఆ ఫార్మాటు మా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటది సార్’ అంటాడు. ఎట్లుంది కథ? మన పిల్లల వివరాలకు మనమే కిరాయి కట్టాలి.

ఇదంతా డబ్బు గోలే కదా, ప్రాణం మీదికేం రాలేదు కదా అంటారా? జర ఆగండి. 2019 ఏప్రిల్ 18. ఇంటర్ ఫలితాలు. అంతకుముందు ఫలితాల పని సర్కారు సంస్థ అయిన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ చూసేది. దాన్ని తీసి గ్లోబరీనా అనే ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పారు. రాసినవాడు రాయనట్టు, మంచి మార్కులొచ్చేవాడు తప్పినట్టు ఫలితాలు దిగాయి. తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయి మార్కులు మళ్లీ చూస్తే తొంభై తొమ్మిది. పత్రికల లెక్కలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి విద్యాశాఖ మంత్రి మన సూర్యాపేట ఎమ్మెల్యేనే. ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఇంటర్ బోర్డుకూ కంపెనీకీ ఇద్దరికీ అక్షింతలు వేసింది కమిటీ. అది ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి వినండి. కొత్త సాఫ్ట్‌వేర్‌ను పాత వ్యవస్థతో పాటు పక్కపక్కన నడిపి పోల్చి చూడలేదట! ఒక్క ఏడాది రెండిటినీ నడిపి, రెండు జవాబులూ ఒకటేనా అని సరిచూడటం. సాఫ్ట్‌వేర్ చదివే మొదటి సంవత్సరం పిల్లవాడికి కూడా తెలిసిన జాగ్రత్త. తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల భవిష్యత్తు మీద నేరుగా ప్రయోగం చేశారు. తప్పిన పిల్లల జవాబు పత్రాలన్నీ మళ్లీ చూస్తే 1,137 మంది పాసయ్యారు. ‘గింత మందే’ అని ఊపిరి పీల్చుకున్న వాళ్లున్నారు. ఆ గింత మందిలో మీ పిల్ల ఉంటే?

ఆ తర్వాతైనా బుద్ధొచ్చిందా? యాప్‌లు వచ్చాయి.

పిల్లల హాజరుకు ముఖం గుర్తించే యాప్. 2025 ఆగస్టు నుంచి టీచర్లకూ అదే. బడి లెక్కల యూడైస్‌కు ఒక పోర్టల్. మధ్యాహ్న భోజనానికి మరొకటి. శాఖకు సొంతంగా ఇంకొకటి. పాఠాలకు దీక్ష. నిధులకు పీఎఫ్ఎంఎస్. ఒక పిల్లవాడి పేరు ఇన్ని చోట్ల కొట్టాలి. ఒక యాప్‌కు రెండో యాప్ మొహం తెలియదు. ఒకే సర్కారు, ఒకే బడి, ఒకే పిల్లవాడు. మరి ఒకసారి రాస్తే అన్ని చోట్లా ఎందుకు పడదు? ఎందుకంటే ఒక్కో యాప్‌ను ఒక్కో విభాగం, ఒక్కో అధికారి కాలంలో, ఒక్కో టెండరు మీద తెచ్చింది. కలిపితే టెండర్లు తగ్గిపోవూ!

చాలా చోట్ల ఫోను పంతులుదే. డేటా ప్యాకూ పంతులుదే. అమ్రాబాద్ దాటి చెంచు పెంటల వైపు పోతే సిగ్నల్ కోసం చెట్టు చూసుకోవాలి. ముఖం గుర్తించే యంత్రానికి ముఖం ముందుంది, సర్వరే మొహం చాటేసింది. ఇక పాలమూరుకు ప్రత్యేకమైన ముచ్చట ఒకటుంది. ఆన్‌లైన్‌లో ఆధార్ సవరించాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ తండ్రి ఫోనుకు పోతుంది. తండ్రి ముంబైలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. నారాయణపేట బడిలో పంతులు ఫోను చెవికి పెట్టుకుని నిలబడతాడు. అక్కడ ఎనిమిదో అంతస్తు మీద ఆయన ఫోను జేబులోంచి తీసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. తరతరాలుగా వలస పోయే జిల్లా ఇది. ఈ సంగతి తెలియనివాడు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని బడికి సాఫ్ట్‌వేర్ రాయించాడు. దేవరకొండ తండాల పంతులుతో ఒక్కపూట కూర్చుని ఉంటే తెలిసేది. కూర్చోరు. ‘వాడేవాడిని అడగటం’ అనే షరతు టెండర్‌లో ఉండదు మరి.

ఇప్పుడు డబ్బుల దగ్గరికి రండి. సమగ్ర శిక్ష పథకం కింద ఐసీటీ (కంప్యూటర్) ల్యాబ్ పెట్టడానికి బడికి 6.40 లక్షలు. తర్వాత నడపడానికి ఏటా 2.40 లక్షల దాకా, ఐదేళ్లు. మళ్లీ అదే ఐదేళ్లు! కాగితం మీద నిర్వహణకూ డబ్బుంది, చూశారా? ఐదేళ్లకు కలిపి చూస్తే నిర్వహణే కొనుగోలుకు దాదాపు రెట్టింపు. అంటే రూల్సు రాసినవాడికి విషయం తెలుసు. పెట్టె చవక, బతికించడం ఖరీదు అని తెలుసు. ఆ నిర్వహణ డబ్బు ఏ బడికి, ఏ నెలలో, ఎంత చేరిందో తెలుసా? అది హెడ్మాస్టర్‌కే తెలియదు, మీకేం తెలుస్తుంది! ఆయన చేతికొచ్చేది స్కూల్ గ్రాంటు. ముప్పై ఒకటి నుంచి వంద మంది పిల్లలుంటే ఏడాదికి 25 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, జెండా పండుగ, నెట్ బిల్లు, చిన్నాచితకా రిపేర్లు, అన్నీ అందులోనే. కరెంటు బిల్లును 2024 సెప్టెంబరులో సర్కారు మాఫీ చేసింది, మెచ్చుకోవాలి. అంటే అంతకుముందు లక్షల తెర పెట్టి, దాన్ని వెలిగించే కరెంటుకు సుద్దముక్కల డబ్బులో కోత పెట్టారన్నమాట.

ఏ మాటకామాటే. ప్రైవేటు బడులేం పత్తిత్తులు కావు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఫీజు రసీదు చూడండి. డిజిటల్ క్లాసు ఫీజు. యాప్ ఫీజు. ఆ యాప్‌లో ఏముంటుంది? ఫీజు బాకీ మెసేజ్. మన డబ్బుతో మన మీదికే వసూలు మనిషిని పంపినట్టు. స్మార్ట్ క్లాస్ అని దేశమంతా ప్రైవేటు బడులకు పెట్టెలు అమ్మిన ఎడ్యుకాంప్ 2017లో దివాలా గుమ్మం ఎక్కింది. పక్క రాష్ట్రంలో 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. లోపల బైజూస్ పాఠాలు. పాఠాలు ఫ్రీ అన్నారు. 2024 జులైలో బైజూస్‌ను దివాలా ప్రక్రియలోకి లాగారు. చూస్తున్నారుగా వరస? ఎడ్యుకాంప్, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్, బైజూస్. కంపెనీ మునుగుతుంది, బడి మిగులుతుంది. ‘మీరు మునిగితే మా సంగతేంది?’ అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో రాయించడానికి ఎంత ఇంకు కావాలి?

అమెరికావాడు తెలివైనవాడు అనుకునేవాళ్లకు ఓదార్పు. లాస్ ఏంజెలెస్ బడుల జిల్లా 2013లో ప్రతి పిల్లకూ ఐప్యాడ్ అంటూ 130 కోట్ల డాలర్ల పథకం ఎత్తుకుంది. లోపలి పాఠాలు పూర్తిగా తయారు కాకముందే బేరం కుదిరింది. 2014లో ఎఫ్‌బీఐ వచ్చి ఫైళ్లు మోసుకుపోయింది. దానికి ముందే జిల్లా పెద్ద రాజీనామా చేశాడు. మరుసటి ఏడు కంపెనీల నుంచి అరవై లక్షల డాలర్లకు పైగా వెనక్కి రాబట్టారు. పదేళ్లు గడిచాయి. 2024 మార్చిలో అదే జిల్లా ‘ఎడ్’ అనే ఏఐ సహాయకుణ్ని అట్టహాసంగా దించింది. కొన్ని నెలలకే తయారుచేసిన కంపెనీ చతికిలబడింది. నవంబరులో దాని వ్యవస్థాపకురాలిని మోసం కేసులో అరెస్టు చేశారు. కాబట్టి మూర్ఖత్వం మన సొత్తేం కాదు. తేడా ఒక్కటే. అక్కడ ఫైళ్లు మోసుకుపోవడానికి ఒకడు వచ్చాడు. ఇక్కడ ఎవరొచ్చారు?

సరే, చేతనైనవాడు ఎవడూ లేడా? ఉన్నాడు. ఎంతో దూరం కూడా కాదు. కేరళ 2001లో ఐటీ@స్కూల్ మొదలుపెట్టింది. లైసెన్సు రుసుము లేని గ్నూ/లినక్స్‌కు మారింది. సొంత అవసరాలకు తగ్గట్టు మలుచుకుంది. టీచర్లకే శిక్షణ ఇచ్చి, వాళ్లనే మాస్టర్ ట్రైనర్లను చేసింది. రెండు లక్షల కంప్యూటర్లకు లెక్కేస్తే 3,000 కోట్లు మిగిలాయని, అప్పటికి కైట్‌గా పేరు మారిన ఆ సంస్థే 2019లో చెప్పింది. సొంత డబ్బా కాస్త కొట్టుకున్నారే అనుకుందాం. సగం కొట్టేయండి. 1,500 కోట్లు. దాంట్లోనూ సగం కొట్టేయండి. అయినా మనకు కళ్లు తిరుగుతాయి. సామాను అమ్మినవాడి మీదే ఐదేళ్ల వారంటీ బాధ్యత, ఫిర్యాదుకు కాల్ సెంటర్, గడువులోగా బాగుచేయకపోతే రోజుకింత జరిమానా. మంత్రం లేదు, మాయ లేదు. కొనే ముందు ఆలోచించారు, అంతే.

ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వమని 2012 జాతీయ విద్యా ఐసీటీ విధానం చెప్పింది. 2015లో కేంద్రం అన్ని శాఖలకూ ఓపెన్ సోర్స్ విధానమే ప్రకటించింది. హైదరాబాద్‌లోనే స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేసి పెట్టింది. విధానముంది, మనుషులున్నారు, తెలుగుంది. ఇంకేం అడ్డం? ఉచితమైన వస్తువుకు టెండరు ఉండదు. టెండరు లేకపోతే... ఇక వాక్యం మీరే పూర్తి చేసుకోండి.

ఇప్పుడు విద్యాశాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. ఆయన వంగూరు మండలం కొండారెడ్డిపల్లి మనిషి, కొడంగల్ ఎమ్మెల్యే. అంటే పాలమూరు బిడ్డే. పాలమూరు బడి సంగతి ఎవరో చెప్పాల్సిన పని లేదు. 2025 జులైలో ఆయన సమక్షంలోనే ఎక్‌స్టెప్, ఖాన్ అకాడమీ, ఫిజిక్స్‌వాలా సహా ఆరు సంస్థలతో ఒప్పందాలయ్యాయి. ఏఐతో చదువు, కోడింగ్, పోటీ పరీక్షల శిక్షణ. మంచి సంస్థలే కావచ్చు. వాళ్ల మీద అనుమానం లేదు. అనుమానమంతా మన ఫైళ్ల మీదే. ఈ ఒప్పందాలు ఎన్నేళ్లకు? ఆ తర్వాత నడిపేదెవరు? పిల్లల వివరాలు ఎవరి సర్వర్‌లో ఉంటాయి? పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది, మినహాయింపులకూ వీలు కల్పిస్తోంది. ఆ అనుమతి కాగితం ముంబైలో ఉన్న తండ్రికి చేరిందా, లేక అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో వేలిముద్రలు గుంపుగా పడ్డాయా?

అడగటానికి మీరు ఎమ్మెల్యే కానక్కర్లేదు. సమాచార హక్కు చట్టం ఉంది. ఊరి స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలంలో ఐదు రూపాయలు, జిల్లాలో పది. మీ బడిలో ఉన్న తెరకు వారంటీ ఎప్పటిదాకా, లైసెన్సు ఎప్పటిదాకా, ఈ ఏడాది నిర్వహణ డబ్బు ఎంత వచ్చింది, ఎవరికి కట్టారు, గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వెళ్లాయి, ఎన్నాళ్లకు మనిషి వచ్చాడు అని అడగండి. ఒప్పందం నకలు అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వరు. ‘వ్యాపార రహస్యం’ అని సెక్షన్ 8(1)(డి) రాసి పంపిస్తారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని అదే సెక్షన్ రెండో సగంలో ఉంది. అప్పీలులో ఆ రెండో సగాన్ని అండర్‌లైన్ చేసి పంపండి.